తొమ్మిది బండ్లు, ఒక నోటు పుస్తకం: 2008 మాంద్యం హైదరాబాద్‌లో ఒక క్యాబ్ యజమానిని తాకిన తీరు

చిన్న వ్యాపారాల లెక్కలు చూడటం, అప్పుల్లో చిక్కుకున్నవారికి దారి చూపడం నా వృత్తి. ఈ కేసు 2009 నాటిది. వ్యక్తిని గుర్తుపట్టే వివరాలు తీసేశాను, అంకెలను సవరించి గుండ్రం చేశాను. ఆయన పని చేసిన కంపెనీ పేరు గానీ, అప్పిచ్చిన సంస్థల పేర్లు గానీ ఇక్కడ అవసరం లేదు. ఇన్నేళ్ల తర్వాత రాయడానికి కారణం, ఇందులో నేను చేసిన తప్పులు. అవే తప్పులు ఇప్పటికీ నా తోటివారి ఫైళ్లలో కనిపిస్తున్నాయి.

నేపథ్యం

1998 నవంబర్‌లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరుచుకున్నప్పటి నుంచి హైదరాబాద్‌లో ఒక కొత్త జీవనోపాధి పుట్టింది. అమెరికాలో పగలయితే ఇక్కడ రాత్రి. ఆ రాత్రి వేళ వేలాది మందిని ఇళ్ల నుంచి తెచ్చి, తెల్లవారుజామున మళ్లీ దింపాలి. ఆ పనిని కంపెనీలు బయటివాళ్లకు అప్పగించాయి. అలా సుమోలు, ఇండికాలు అప్పు మీద కొని, నెలకింత ప్యాకేజీకి తిప్పే యజమానులు వందల్లో తయారయ్యారు. వీళ్లలో చాలామంది నిన్నటి డ్రైవర్లే.

మా క్లయింటు కూడా అంతే. పదేళ్లు స్టీరింగ్ పట్టి, 2004లో సొంతంగా ఒక సుమో కొన్నారు. 2008 వేసవికి ఆయన చేతిలో తొమ్మిది బండ్లున్నాయి. అన్నీ ఒకే కంపెనీకి తిరిగేవి. ఆ కంపెనీ అమెరికా బ్యాంకులకు, బీమా సంస్థలకు వెనుక కార్యాలయపు పనులు చేసిపెట్టేది. బండికి నెలకు సగటున 28,000 రూపాయల ప్యాకేజీ, బిల్లు ఇచ్చిన 30 రోజులకు డబ్బు. రెండు పాత బండ్లకు అప్పు తీరిపోయింది. మిగతా ఏడింటి మీద కలిపి నెలకు 59,500 రూపాయల ఈఎంఐ. డౌన్ పేమెంట్ల కోసం బయట తెచ్చిన రెండు లక్షలకు నూటికి మూడు రూపాయల వడ్డీ. ఇవి చాలవన్నట్టు, 2007లో శంషాబాద్ విమానాశ్రయం వైపు ఒక ప్లాటుకు మూడు లక్షలు అడ్వాన్సు ఇచ్చారు. అప్పట్లో ఆ వైపు భూమి కొనని వాళ్లు తెలివి తక్కువవాళ్ల కింద లెక్క.

2008 సెప్టెంబర్ 15న న్యూయార్క్‌లో లేమన్ బ్రదర్స్ అనే పెద్ద పెట్టుబడి బ్యాంకు దివాలా పిటిషన్ వేసింది. ఆ పేరును ఆయన అంతకుముందు ఎప్పుడూ వినలేదు.

ఏ సమస్యతో వచ్చారు

2009 జనవరి రెండో వారంలో భార్యాభర్తలిద్దరూ మా ఆఫీసుకొచ్చారు. మూడు ఈఎంఐలు తప్పాయి. ఫైనాన్స్ కంపెనీకి ముందే ఇచ్చిన చెక్కులు రెండు బౌన్సయి లాయరు నోటీసు వచ్చింది. ఆమె చేతి గాజులు డిసెంబర్‌లోనే అమ్మేశారు. రెండు కొత్త సుమోలను రికవరీ వాళ్లు లాక్కెళ్తారన్న భయంతో ఒక బంధువు ఊళ్లో, పశువుల పాక పక్కన దాచిపెట్టారు.

"సత్యం దెబ్బ సార్" అన్నారాయన.

ఆ వారం ఊరంతా అదే మాట. జనవరి 7న సత్యం కంప్యూటర్స్ చైర్మన్ రామలింగరాజు ఖాతాల్లో లేని వేల కోట్లు ఉన్నట్టు చూపామని లేఖ రాశారు. నగరంలో ఎవరికి ఏ కష్టం వచ్చినా దానికే అంటగట్టడం తేలికయింది. కానీ ఈయన బండ్లలో ఒక్కటి కూడా సత్యానికి తిరగదు. తప్పిన ఈఎంఐలు నవంబర్ నుంచి మొదలయ్యాయి. కారణం అంతకంటే ముందే ఎక్కడో ఉండాలి.

అది ఆమె సంచిలో దొరికింది. ట్రిప్ షీట్ల లెక్క ఆమే రాసేవారు. బడిపిల్లల రెండు వందల పేజీల నోటు పుస్తకం, స్కేలుతో గీసిన గళ్లు: తేదీ, బండి చివరి నంబరు, రూటు, మనుషులు, కిలోమీటర్లు. సెప్టెంబర్ పేజీల్లో 'మనుషులు' గడిలో మూడు, నాలుగు, మూడు. నవంబర్‌కు వచ్చేసరికి ఆరు, ఏడు, ఆరు. దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌బీ నగర్ రెండు రూట్లు ఒకటయ్యాయి. కిలోమీటర్లు ట్రిప్పుకు పెరిగాయి, ట్రిప్పులు తగ్గాయి.

"అక్టోబర్ నుంచే బండిలో జనం ఎక్కువయ్యారు సార్. ఈయనతో చెప్తే, మంచిదే కదా, కంపెనీలో మనుషుల్ని తీసేయలేదని అర్థం అన్నారు" అని చెప్పారామె.

ఆయన అన్నదీ నిజమే. కంపెనీలో ఉద్యోగులు పెద్దగా తగ్గలేదు. అమెరికా క్లయింటు ఖర్చు తగ్గించమన్నాడు, ఇక్కడి యాజమాన్యం జీతాల జోలికి వెళ్లకముందే అద్దె, క్యాంటీన్, రవాణా మీద చెయ్యి వేసింది. రూట్లు కలిపేశారు. నవంబర్ 1 నుంచి నెల ప్యాకేజీ పోయి ట్రిప్పు లెక్క వచ్చింది. చెల్లింపు 30 రోజుల నుంచి 60 రోజులకు జరిగింది. ఈ మూడు మార్పులూ ఒకే ఈమెయిల్‌లో వచ్చాయి. దాన్ని ఆయన ప్రింటు తీయించి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతున్నారు.

డిసెంబర్ లెక్క ఇలా తేలింది. తొమ్మిదిలో ఆరు బండ్లకే పని. బండికి 21,000 చొప్పున 1,26,000 రాబడి. డీజిల్ 45,000, తొమ్మిది మంది డ్రైవర్ల జీతాలు 49,500, మరమ్మతులు, పన్ను, బీమా కలిపి 27,000, ఈఎంఐలు 59,500, బయటి వడ్డీ 6,000. మొత్తం ఖర్చు 1,87,000. నెలకు 61,000 లోటు. పైగా ఆ 1,26,000 కూడా ఫిబ్రవరిలో గానీ చేతికి రాదు.

మొదట ఏం చేశాం, ఏది ఫలించలేదు

నా మొదటి నిర్ణయం చెక్కుల విషయంలో. చెక్కు బౌన్సు నోటీసు అందిన 15 రోజుల్లో డబ్బు కట్టకపోతే 138 సెక్షన్ కింద క్రిమినల్ కేసు వేయవచ్చు. బ్యాంకు ఈఎంఐ తప్పితే ఫోన్లు వస్తాయి, మనుషులొస్తారు. ఇక్కడ మాత్రం కోర్టు వాయిదాలు. అందుకే చేతిలో ఉన్న కొద్దిపాటి డబ్బు ముందు వాటికే కట్టించాను. ఈ నిర్ణయాన్ని ఇప్పటికీ తప్పుపట్టను. రెండోది, పాక పక్కన దాచిన బండ్లను వెనక్కి తెప్పించడం. దాచిన బండి సంపాదించదు. పైగా మాట్లాడటానికి వెళ్లినప్పుడు మనమే దొంగల్లా కనిపిస్తాం. రికవరీ ఏజెంట్లు ఎలా ప్రవర్తించాలో చెబుతూ ఆర్‌బీఐ 2008 ఏప్రిల్‌లో బ్యాంకులకు ఇచ్చిన ఆదేశాల ప్రతి ఒకటి ఆయన చేతికిచ్చాను. అది బండిలో పెట్టుకుని ధైర్యంగా తిరిగారు. కాగితం వల్ల అంతకంటే పెద్ద ప్రయోజనమేమీ జరగలేదు.

తర్వాతి రెండు నిర్ణయాలూ తప్పాయి.

ఒకటి, కొంతకాలం తట్టుకుంటే చాలనుకోవడం. నా వాదన బాగానే ఉండేది. 2008 ఆరంభంలో డాలర్‌కు 40 రూపాయల లోపు ఉన్న మారకం ఏడాది తిరిగేసరికి 50 దగ్గర ఉంది. ఎగుమతి కంపెనీకి ప్రతి డాలర్‌కూ ఎక్కువ రూపాయలొస్తాయి, కాబట్టి రవాణా మీద పొదుపు ఎంతోకాలం సాగదు. ఆర్‌బీఐ రెపో రేటును, అంటే బ్యాంకులకు తానిచ్చే అప్పు మీది వడ్డీని, అక్టోబర్ నుంచి జనవరి లోపు 9 నుంచి 5.5 శాతానికి దించింది, అప్పులు చౌకవుతాయి. అప్పుల పునర్వ్యవస్థీకరణ నిబంధనలనూ సడలించింది. ఈఎంఐ గడువు పెంచుకోవచ్చు. మూడూ పత్రికల్లో చదివితే ఆశ కలిగించేవే. మూడూ మా క్లయింటు గుమ్మం దాకా రాలేదు. చాలా ఐటీ కంపెనీలు డాలర్లను పాత ధరకే ముందస్తు ఒప్పందాల్లో అమ్ముకుని ఉన్నాయి, రూపాయి పడిపోయినా ఆ మేరకు వాటికి ఒరిగింది లేదు. ఈయన వాహన రుణాలన్నీ స్థిర వడ్డీవి. రెపో సున్నాకు దిగినా ఈఎంఐలో రూపాయి తగ్గదు. ఈ సంగతి నేను రుణ పత్రం చదివి మొదటి రోజే గమనించి ఉండాల్సింది. ఇక పునర్వ్యవస్థీకరణ సడలింపు బ్యాంకుకు ఇచ్చిన వెసులుబాటే గానీ, అప్పు తీసుకున్నవాడికి ఇచ్చిన హక్కు కాదు. బ్రాంచి మేనేజరు మర్యాదగా కాఫీ ఇచ్చి, వసూళ్ల విభాగం వేరే ఊళ్లో ఉందన్నారు. అక్కడికి రాసిన ఉత్తరాలకు జవాబు రాలేదు.

రెండోది మరీ నొప్పించింది. అప్పటికి ఖాళీ అయిన నాలుగు బండ్లను, ఇలాంటి వెనుక కార్యాలయపు పనులే చేసే ఇంకో కంపెనీకి (బీపీవో) బండికి 18,000 చొప్పున పెట్టించాను. డీజిల్, డ్రైవరు, నిర్వహణ కలిపి 17,200 పోగా 800 మిగులుతుంది. ఊరికే నిలబెట్టి డ్రైవర్లకు జీతమివ్వడం కంటే మేలే కదా అన్నాను. లాభనష్టాల లెక్క ప్రకారం అది సరైనదే. కానీ ఆ కంపెనీ డబ్బిచ్చేది 75 రోజులకు. బంకులో డీజిల్‌కు ఆ రోజే కట్టాలి. నాలుగు బండ్లకు రెండున్నర నెలల డీజిలే 87,000 దాటుతుంది. దానికోసం ఆయన మళ్లీ మూడు రూపాయల వడ్డీకి లక్ష తెచ్చారు, నాకు చెప్పకుండా. నెలకు మొత్తం 3,200 మిగిలించుకోవడానికి 3,000 వడ్డీ. అప్పు తెచ్చి మరీ గానుగెద్దులా తిరిగాం. మార్చి మధ్యలో ఆ పని మాన్పించాను.

నేను లాభం ఎంతో చూశాను, డబ్బు ఏ తేదీన వస్తుందో చూడలేదు. మాంద్యం ఈ ఇంటికి వచ్చింది కూడా తేదీల రూపంలోనే: 30 రోజులు 60 అయ్యాయి, 60 కాస్తా 75.

మలుపు

మార్చి చివర్లో ఆయన ఒక ప్రతిపాదనతో వచ్చారు. అప్పు లేని రెండు పాత బండ్లకూ చెరో 1,30,000 ఇస్తామని ఒక దళారి అన్నాడట. చేతికి 2,60,000 వస్తుంది, బకాయిలు కట్టేయొచ్చు, కొత్త బండ్లు నిలబడతాయి. ఇలాంటి పరిస్థితిలో దాదాపు అందరికీ ముందుగా తట్టే ఆలోచన ఇదే. పాతది అమ్మి కొత్తది కాపాడుకోవడం సహజం. కొత్త సుమోలంటే ఆయనకు ప్రాణం. ముందు అద్దం మీద కూతురి పేరు రాయించుకున్నారు.

ఆ రోజు నోటు పుస్తకంలోనే ఒక ఖాళీ పేజీ తీసి, మంచి రోజుల లెక్క వేసి చూపించాను. ప్యాకేజీ 28,000లో డీజిల్, డ్రైవరు, నిర్వహణ పోగా బండికి 10,000 మిగిలేది. అప్పున్న బండిలో సగటున 8,500 ఈఎంఐ పోతే 1,500. అంటే ఏడు కొత్త బండ్లూ కలిసి ఇంటికి తెచ్చింది 10,500. రెండు పాత బండ్లు తెచ్చింది 20,000. అన్నీ బాగున్న రోజుల్లోనే ఆ కుటుంబం రెండు పాత బండ్ల మీద బతికింది. ఏడు బండ్లూ ఫైనాన్స్ వాళ్ల కోసం తిరిగాయి.

ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆమె మాత్రం, "నాకు అనిపిస్తూనే ఉండేది" అన్నారు.

2,60,000 వస్తే నాలుగు నెలల ఈఎంఐలకు సరిపోతుంది. ఐదో నెలకు పాత బండ్లూ ఉండవు, డబ్బూ ఉండదు. అందుకే తలకిందులుగా వెళ్లాం. ఏడు బండ్లకూ విడివిడిగా మూడు అంకెలు రాశాం: ఇంకా కట్టాల్సిన అప్పు, ఇవాళ అమ్మితే వచ్చే ధర, మిగిలిన నెలలు. మూడు బండ్లకు ఏడాది అటూ ఇటుగా మిగిలింది. అవి ఉంచుకోవాలి, ఓపిక పడితే అప్పు లేని బండ్లవుతాయి. రెండు మధ్యస్థంగా ఉన్నాయి, అమ్మితే అప్పు పోను 60,000, 45,000 చొప్పున మిగులుతాయి. రెండు కొత్తవి, వాటి ధర కంటే అప్పే ఎక్కువ, ఒకదానికి 50,000, ఇంకోదానికి 45,000 చేతి నుంచి వేసుకోవాలి. మధ్యవాటి మిగులుతో కొత్తవాటి గుంత పూడ్చితే నాలుగూ ఒకేసారి వదిలిపోతాయి, 10,000 మిగులుతుంది కూడా.

కొత్తవాటిని ఫైనాన్స్ వాళ్లకే అప్పగించేస్తే సరిపోదా అని ఆయన అడిగారు. సరిపోదు. యార్డులో వేలం వేస్తే వచ్చే ధర ఎప్పుడూ తక్కువే, ఆ లోటు మళ్లీ ఆయన నెత్తిమీదే పడుతుంది. మనమే కొనేవాణ్ని వెతికి, అతను నేరుగా అప్పు ఖాతాలో కట్టేలా చూసి, ఫారం 35 (బండి మీద అప్పు తీరిందనే పత్రం) మీద సంతకం, యాజమాన్యం మార్చే 29, 30 ఫారాలు, పర్మిట్ మార్పు అన్నీ ఒకే రోజు చేతులు మారేలా కూర్చోవాలి. తిరుగుడు ఎక్కువే గానీ, అక్కడ మిగిలే ప్రతి వెయ్యీ మనదే.

ఎక్కడ అమ్మాలన్నది కూడా ఆలోచించాల్సి వచ్చింది. ఆ వేసవిలో హైదరాబాద్‌లో ఈయనలాంటి వాళ్లందరూ అమ్మేవాళ్లే, కొనేవాళ్లు లేరు. జిల్లా పట్టణాల్లో సుమోలు షేరింగ్ మీద, పెళ్లిళ్లకు తిరిగేవి; అక్కడి గిరాకీకీ న్యూయార్క్‌కూ సంబంధం లేదు. నల్లగొండ వైపు రెండు, ఖమ్మం వైపు రెండు పోయాయి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా పట్టింది. కూతురి పేరున్న అద్దాన్ని బ్లేడుతో గీకి శుభ్రం చేసి ఇచ్చారు.

మిగిలిన ఐదు బండ్లకు పని

మూడు బండ్లు పాత కంపెనీలోనే ఉంచాం. బండ్లు తగ్గాయి కాబట్టి ఉన్నవాటికి ట్రిప్పులు ఎక్కువ దొరికి, ఒక్కోటి 26,000 దాకా తెచ్చింది; ఖర్చులు, ఈఎంఐ పోతే దాదాపు సున్నా. రెండు పాత బండ్లకు మాత్రం మాదాపూర్‌తో సంబంధం లేని పని కావాలని పట్టుబట్టాను. విమానాశ్రయం చూశాం, అక్కడ ఒప్పందం ఉన్న రేడియో క్యాబ్‌లదే రాజ్యం. చివరికి జూన్‌లో బడులు తెరిచాక పొద్దున, సాయంత్రం పిల్లలు, రాత్రి ఒక ఆసుపత్రి నర్సుల షిఫ్టు. బండికి 18,000 మించలేదు. కానీ పిల్లల తల్లిదండ్రులు నెల మొదట్లోనే డబ్బిస్తారు. డీజిల్ వాళ్ల డబ్బుతోనే కొట్టించవచ్చు. అంతకుముందు 28,000 ఇచ్చిన కంపెనీ కంటే ఈ తల్లిదండ్రులే ఆయనకు పెద్ద అండ అయ్యారు. ఒక బండి స్టీరింగ్ ఆయనే మళ్లీ పట్టుకున్నారు.

ఇంకో రెండు చోట్ల డబ్బు కదిలింది. ప్లాటు అడ్వాన్సులో సగం, అంటే లక్షన్నర, నాలుగు వాయిదాల్లో వెనక్కి రాబట్టాం. మిగతా సగం వదులుకోవాల్సి వచ్చింది. అందులో 60,000 ఉంచుకున్న మూడు బండ్ల బకాయిలకు, 90,000 బయటి అప్పుకు. రెండోది ఆయన బీరువాలో ఉంది: కంపెనీ రెండేళ్లుగా బిల్లుల్లోంచి ముందే కోసిన పన్ను (టీడీఎస్) సర్టిఫికెట్లు. పన్ను ఎలాగూ కోశారు కదా అని రిటర్నులే వేయలేదు. కిరాయికి తిరిగే వాహనాల మీద 30 శాతం తరుగుదల తీసేస్తే కట్టాల్సిన పన్ను నామమాత్రం. 2006-07 సంవత్సరపు రిటర్నుకు ఆఖరు గడువు 2009 మార్చి 31. దాన్ని 28న వేశాం. దాదాపు 90,000 వాపసు వచ్చింది, కానీ డిసెంబర్‌లో. అందుకే దాన్ని నేను ఏ నెల లెక్కలోనూ కలపలేదు. అప్పటికి ఆ మాత్రం బుద్ధి వచ్చింది.

జూలైలో చూస్తే, బయటి వడ్డీ 6,300 పోగా ఇంటికి తొమ్మిది వేల చిల్లర మిగిలింది. అదేమీ గొప్ప ఆదాయం కాదు. డిసెంబర్‌లో 61,000 లోటు ఉన్న ఇల్లు అది.

ఇప్పుడైతే ఎలా చేస్తాను

ఎవరైనా ఇలాంటి కేసుతో వస్తే నేను ముందు అడిగేది బ్యాలెన్స్ షీటు కాదు, రోజువారీ కాగితం: ట్రిప్ షీటు, డెలివరీ చలానా, హాజరు పట్టీ. వార్త కంటే మూడు నెలల ముందే అందులో మార్పు కనిపిస్తుంది. ఆ కాగితం రాసే మనిషిని కూడా ఎదురుగా కూర్చోబెట్టి వింటాను. నేను మొదటి గంట ఆయనతోనే మాట్లాడాను, పుస్తకం ఆమె సంచిలోనే ఉండిపోయింది. విధాన నిర్ణయం గురించి ఆశ పడే ముందు అది ఈ రుణ పత్రంలోని ఏ వాక్యాన్ని మారుస్తుందో వేలు పెట్టి చూపించుకుంటాను. ఇక అమ్మకం నిర్ణయం జనవరిలోనే తీసుకుని ఉంటే నాలుగు బండ్లకూ ఇంకొంచెం మంచి ధర వచ్చేది. ఆ రెండున్నర నెలలు నా ఆశావాదానికి ఆయన కట్టిన రుసుము.

డ్రైవర్ల సంగతి వేరు. తొమ్మిది మందిలో ఐదుగురు పోయారు, ఒక నెల జీతంతో. నా పట్టికలో వాళ్లు 5,500 అనే అంకెగానే ఉన్నారు. ఒకరు అమ్ముడైన బండితో పాటే ఖమ్మం వెళ్లి అక్కడే పనికి కుదిరారు. మిగతా నలుగురూ ఏమయ్యారో నేను అడగలేదు.

తర్వాత

2009 డిసెంబర్ నుంచి తెలంగాణ ఉద్యమ బంద్‌లతో చాలా రోజులు బండ్లు కదల్లేదు. అయినా ముందస్తు చెల్లింపుల వల్ల ఆ నెలలు గడిచాయి. 2010 మధ్యకు మూడు అప్పులూ తీరి ఐదు బండ్లూ సొంతమయ్యాయి. ఆ జూన్‌లో కేంద్రం డీజిల్ ధర లీటరుకు రెండు రూపాయలు పెంచిన వారంలోనే పాత కంపెనీ రవాణా విభాగం నుంచి ఫోను వచ్చింది, ఇంకో ఆరు బండ్లు పెట్టగలరా అని. రెండు పెడతాను, డీజిల్ పెరిగితే రేటు పెరగాలి, డబ్బు 30 రోజులకు రావాలి అని ఆయన రాసి పంపారు. మొదటి రెండింటికీ ఒప్పుకున్నారు, మూడోది 45 రోజుల దగ్గర ఆగింది.

ఆమె కొత్త నోటు పుస్తకం తెరిచారు. గళ్లు పాతవే, చివర ఒకటి ఎక్కువ గీశారు: 'డబ్బు వచ్చిన తేదీ'.